బిడియమూ, మొహమాటమూ

మన భాషలో సిగ్గుకు పేర్లు చాలా వున్నవి. లజ్జ, బిడియం, జంకు, సంకోచం, మొహమాటం - ఇవన్నీ నిఘంటువులో ఇరుగుపొరుగు ఇండ్లవలె కనిపించినా వాడుకలో దేని వాకిలి దానిదే. ఒకరిని ఏదైనా అడగబోయి నోరు పెగలక నిలిచిపోవడం బిడియం. ఒకరు అడిగినప్పుడు కాదనలేక తల వూపడం మొహమాటం. మొదటిది అడిగేవాని గుణం, రెండవది అడిగించుకునేవాని గుణం. మొహమాటానికి పోయినవారి గతిని గురించి మనకొక మోటు సామెత వున్నది. పిల్లలు కూడ చదివే పుటలో దానిని రాయడానికి నాకు బిడియంగా వున్నది. తెలిసినవారు తలచుకొందురు గాక.

ఈ భేదం నేను గ్రంథాలు తిరగవేసి తెలుసుకున్నది కాదు. ముప్పై అయిదేండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన తరువాత ఒక సబ్బుల సంచి నాకు దానిని బోధించింది.

2004 వేసవి. నా వద్ద పదవ తరగతి చదివి, లెక్కలలో నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకున్న అమ్మాయి ఒకతె ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చింది. భర్త ఒక ప్రైవేటు కళాశాలలో గుమాస్తా. ఇద్దరు బిడ్డలు. వసారాలో కుర్చీ వేస్తే కూర్చుని నా మోకాళ్ళ నొప్పి గురించి అడిగింది. ఎండల గురించి, ఆవకాయకు కాయలు దొరకడం గురించి మాటలు నడిచినవి. మా ఇంటావిడ కాఫీ ఇచ్చింది. ఆ అమ్మాయి కుర్చీ పక్కన బరువైన సంచి ఒకటి వున్నది గాని, అది మరెవరిదో అన్నట్లు దానివంక చూడనైనా చూడడం లేదు. ముప్పావు గంట గడిచింది. లేచింది, వెళ్ళివస్తానన్నది, మెట్లు దిగింది. చెప్పులు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా, "మాస్టారూ, ఒక్క మాట..." అని ఆగిపోయింది.

ఆ మాట బయటికి రావడానికి ఆమె పడిన యాతన చూచి నాకే చెమట పట్టింది. ఒక కంపెనీ సరుకు అమ్మడానికి చేరిందట. గిన్నెలు తోమే సబ్బు, పళ్ళకు పేస్టు, ఒంటికి రాసుకునే నూనె. అంగట్లో దొరికే వాటికి రెండు మూడు రెట్ల ధర. మాకు వాటితో అవసరం లేదు. అయినా నాలుగు వస్తువులు కొన్నాను. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి మాట్లాడిన తరువాత, బజారులో అపరిచితునితో అన్నట్లు "వద్దమ్మా" అనడం ఎట్లా? ఆమె బిడియం నా మొహమాటాన్ని గెలిచింది. ఆ పూట నేనదేదో ఉపకారం చేసినట్లే అనుకున్నాను.

నెల తిరగకుండా మళ్ళీ వచ్చింది. ఈసారి మనిషి మారిపోయింది. జిల్లా కేంద్రంలో ఒక కల్యాణ మండపంలో రెండు దినాలు శిక్షణ ఇచ్చారట. వచ్చిన ప్రతివారిచేతా ఒక కాగితం మీద నూరు పేర్లు రాయించారట - బంధువులు, స్నేహితులు, చదువు చెప్పినవారు, పాలవాడు, దర్జీ, ఎవరినీ వదలకుండా. "మీరు పేదవారుగా వుండడానికి మీ బిడియమే కారణం, దానిని ఇక్కడే వదిలి వెళ్ళండి" అని వేదిక మీది పెద్దమనిషి చెపితే మండపమంతా చప్పట్లు మోగినవట. "మీ పేరు తొమ్మిదోది మాస్టారూ" అన్నది నవ్వుతూ. సరుకు కొనమని ఇప్పుడు అడగడం లేదు. నన్ను తన కింద చేరమంటున్నది. నేను ఆరుగురిని చేర్చాలి. ఆ ఆరుగురూ తలా ఆరుగురిని చేరుస్తారు. వారందరి అమ్మకాల మీద నాకూ, ఆమెకూ, ఆమె పైవారికీ భాగం వస్తూనే వుంటుంది.

ఆమె చెపుతున్నంతసేపూ నా మనస్సులో నల్లబల్ల మీద లెక్క నడుస్తూనే వున్నది. ఆ లెక్క ఆమెకు నేనే నేర్పినాను. గుణశ్రేఢి అధ్యాయంలో ఆమె ఏనాడూ తప్పు చేసి ఎరుగదు. ఒక కాగితం తీసుకుని అయిదు నిమిషాలలో వేసి చూపవచ్చును. కాని ఆ ముఖంలో వెలుగు చూచి నోరు రాలేదు. "ఆలోచించి చెపుతానమ్మా" అన్నాను. లోకంలో "ఆలోచించి చెపుతా"ననడం కంటె మర్యాద అయిన అబద్ధం మరొకటి లేదు.

ఆనాడు వేయని లెక్క ఈనాడు వేస్తాను. ఉపాధ్యాయులు తమ తరగతిలో దీనిని వేయించవచ్చును. పాఠ్యపుస్తకంలోని లెక్కలకంటె పిల్లలు శ్రద్ధగా చేస్తారని నా అనుభవం. మొదటి వరుసలో 6గురు. రెండవ వరుసలో 36. మూడవది 216. ఇక్కడివరకు ఒక పల్లెలో సరిపోతారు. అయిదవ వరుసకు 7,776. ఎనిమిదవ వరుసకు 16,79,616. పదవ వరుసలో 6,04,66,176 మంది కావాలి. అప్పటికి చేరినవారందరి మొత్తం 7,25,59,410. 2011 జనాభా లెక్కలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య సుమారు 8 కోట్ల 46 లక్షలు. అంటే ఉయ్యాలలోని పసిబిడ్డలను, మంచం పట్టిన ముసలివారిని కూడ చేర్చుకున్నా పదకొండవ వరుస నిలవడానికి మనుష్యులు లేరు. ఆ వరుసకు 36 కోట్ల పైమాట కావాలి.

ఇంతవరకు చాలమంది చెప్పగలరు. దీనిలో ఇంకొక చిక్కు వున్నది, దానిని తరగతిలో తెలివైన పిల్లవాడెవడో పట్టుకుంటాడు. వరుసలు పది వరకు పోనక్కరలేదు. నాలుగు వరుసల దగ్గర ఆపి చూడండి: మొత్తం 1,554 మంది, అందులో అట్టడుగు వరుసలో 1,296 మంది. ఎక్కడ ఆపినా ఇంతే. నూటికి 83 మంది ఎప్పుడూ చివరి వరుసలోనే వుంటారు. వారి కింద ఎవరూ వుండరు. చేరినవారికి పైవరుస సుఖం అనుభవంలోకి రావడమనేది వారి కష్టం మీదగాని, సిగ్గు విడవడం మీదగాని ఆధారపడినది కాదు. వచ్చిన వేళ మీద ఆధారపడినది.

ఆ అమ్మాయికి ఎదురైన గతి ఇదే. నూరు పేర్ల పట్టికలో మొదటి పేరు ఆమె పిన్నిది. భర్త పోయి, మిషను కుట్టుకుని ఒక్కతే బ్రతుకుతున్న మనిషి. మెడలోని గొలుసు తాకట్టుపెట్టి సరుకు తెచ్చుకున్నది. తెచ్చినదానిలో నాలుగోవంతు అమ్మిందో లేదో. కుట్టుపని మీద వచ్చేవారిని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. మిగిలినది అటక మీద పెట్టెలలో వుండిపోయి గడువు దాటిపోయింది. ఈ సంగతి నాకు రెండేండ్ల తరువాత ఒక పెండ్లిలో తెలిసింది. పందిట్లో పిన్నీ, కూతురి వరస పిల్లా చెరొక మూల కూర్చున్నారు. ఎందుకని అడిగితే మా ఇంటావిడ చెవిలో ఎవరో చెప్పారు. ఆ భోజనం నాకు సహించలేదు. నేను లెక్క చెప్పివుంటే గొలుసు నిలిచేదని అనను. నేను కాదనేనాటికే ఆ గొలుసు తాకట్టుకు పోయిందేమో. కాని లెక్క చెప్పడానికే జీతం పుచ్చుకున్నవాడిని, చెప్పవలసినచోట చెప్పలేదు.

అటుతరువాత ఈ వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. ఇది పాతది, మొదట్లో ఇంత చెడ్డదీ కాదు. అమెరికాలో డేవిడ్ మెకానెల్ అనే ఆయన ఇంటింటికి తిరిగి పుస్తకాలు అమ్మేవాడు. తలుపు తీసిన ఇల్లాలికి చిన్న అత్తరుసీసా కానుకగా ఇచ్చేవాడు. పుస్తకాలకంటె అత్తరు మీదనే వారికి మోజు ఎక్కువని గ్రహించి 1886లో అత్తర్ల కంపెనీ పెట్టినాడు. (పుస్తకాలమ్మేవారికి ఏ దేశంలోనూ ఇదే గతి కాబోలు.) న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో వించెస్టర్ అనే చిన్న ఊరి స్త్రీ, శ్రీమతి ఆల్బీ, అతని మొదటి ప్రతినిధి. ఆమె తాను తిరిగి అమ్మడమే గాక ఇతర స్త్రీలను కూడగట్టి ఆ పనిలో ప్రవేశపెట్టింది. ఆ దేశపు స్త్రీలందరికీ ఓటుహక్కు రాజ్యాంగబద్ధమైనది 1920లో. దానికి మూడు దశాబ్దాలు ముందే ఒక స్త్రీ మరొక స్త్రీ తలుపు తట్టి "నీవూ సంపాదించుకోవచ్చు" అని చెప్పగలిగింది. ఆంగ్ల సాహిత్యం చెప్పేవారికి సరదాగా వుంటుందని ఒక మాట: ఆ కంపెనీయే 1939లో షేక్స్పియరు పుట్టిన ఊరి నది పేరు పెట్టుకుని ఏవన్ అయింది.

ఆ తరువాతి కథ మరొక మలుపు తిరిగింది. గాలి చొరని మూత వున్న ప్లాస్టిక్ డబ్బాలను టప్పర్ అనే ఆయన తయారు చేసినాడు. దుకాణాలలో అవి సరిగా పోలేదు. మూత ఎట్లా బిగించాలో ఒకరు చూపితేగాని కొనేవారికి తెలియదు. బ్రౌనీ వైజ్ అనే స్త్రీ, ఒక్క కొడుకుతో ఒంటరిగా సంసారం ఈదుతున్నది, ఇండ్లలో విందులు ఏర్పాటు చేయించి అక్కడ డబ్బాలు చూపి అమ్మేది. ఒక ఇల్లాలు ఇరుగుపొరుగువారిని పిలుస్తుంది, ఫలహారం పెడుతుంది, నవ్వులూ ఆటలూ నడుస్తవి, నడుమ డబ్బాలు బయటికి వస్తవి. వచ్చినవారిలో ఒకరిద్దరు తరువాతి విందు తమ ఇంట చేస్తామంటారు. ఇది ఎంత ఫలించిందంటే 1951లో ఆ కంపెనీ దుకాణాల అమ్మకం మానివేసి ఆమెను ఉపాధ్యక్షురాలిని చేసింది. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన మొదటి స్త్రీ ఆమె. 1958లో యజమాని ఆమెను తొలగించినాడు. వేలమందిని చేర్చిన ఆమెకు కంపెనీలో ఒక్క వాటా లేదు. ఒక సంవత్సరపు జీతంతో ఇంటికి పోయింది.

ఆ విందును గురించి ఆలోచించినకొద్దీ మా వసారాలోని కాఫీ నాకు గుర్తుకు వస్తుంది. పిలిచిన ఇంట తిని, ఉత్త చేతులతో లేచి రావడానికి ఎవరికి మనసొప్పుతుంది? అక్కడ అమ్ముడుపోయే వస్తువులో సగం డబ్బా, సగం మొహమాటం. ఈ శిక్షణలిచ్చేవారు అడిగేవానితో "బిడియం విడిచిపెట్టు" అంటారు. అడిగించుకునేవాని మొహమాటం మాత్రం చెక్కుచెదరకుండా వుండాలి. అతడు కూడ అదే మండపానికి పోయి సిగ్గు విడవడం నేర్చుకుని, నవ్వుతూ "వద్దండీ" అనడం ప్రారంభిస్తే ఆ పట్టికలోని నూరు పేర్లలో ఎన్ని మిగులుతవి?

అయితే అడగడమే తప్పా అంటే, కాదు. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. మూడడుగులు అడగవలసివచ్చేసరికి విష్ణుమూర్తి అంతటివాడు పొట్టివాడయినాడని పెద్దలు చమత్కరిస్తారు గాని, అడగడం వల్ల పొట్టివారుగాని మనుష్యులను కూడ నేను ఎరుగుదును.

నా చిన్నతనంలో, 1960 ప్రాంతాన, మా ఇంటికి ఒక బీమా ఏజెంటు వచ్చేవాడు. జీవిత బీమా 1956లో జాతీయమైన తరువాత పల్లెలకు తిరిగిన తొలితరం వారిలో ఒకడు. సైకిలు గోడకు ఆనించి, గుమ్మం దాటకముందే మా నాన్నగారితో అనేవాడు: "పని మీద వచ్చానండి. బీమా సంగతి. మీరు కట్టితే నాకు కమీషను వస్తుంది. వద్దంటే చెప్పెయ్యండి, కాఫీ తాగి లోకాభిరామాయణం మాట్లాడుకుని పోతాను." మా నాన్నగారు మూడేండ్లు వద్దన్నారు. మూడేండ్లూ అతడు కాఫీ తాగినాడు. నాలుగో ఏట మా చెల్లెలు పుట్టిన తరువాత ఆయనే కబురు చేసి పిలిపించి పాలసీ తీసుకున్నారు. అతనికి బిడియం లేదనుకోకండి. గుమ్మంలో ఆ మాట అనేటప్పుడు చేతిలోని గొడుగును అటూ ఇటూ తిప్పుతూనే వుండేవాడు. కాని కాఫీకి ముందే అనేవాడు.

దీనిలో అడిగేవానికి కూడ సౌఖ్యం వున్నది. మా శిష్యురాలు ముప్పావు గంట పడిన యాతనకు కారణం అడగబోయే మాట కాదు; అంతసేపూ ఆ మాట దాచుకుని మరొక పని మీద వచ్చినట్లు నటించడం. వచ్చిన పని వచ్చిన వెంటనే చెప్పినవానికి ఆ బరువు లేదు. కాదంటారేమోననే భయం మాత్రం మిగులుతుంది. అది పదిమంది కాదన్న తరువాత దానంతట అదే పలచబడుతుంది. తొలిసారి తరగతిలో నిలబడినప్పుడు వణికిన కాళ్ళు ఎన్నాళ్ళకు కుదుటబడినవో ప్రతి ఉపాధ్యాయుడూ జ్ఞాపకం చేసుకోవచ్చును. దానికి మండపాలూ చప్పట్లూ అక్కరలేదు.

పలచబడని బిడియం మరొకటి వున్నది. సబ్బు కొనమన్నప్పుడు ఎదుటివాడు ఆ సబ్బును చేతిలోకి తీసుకుని చూచుకోగలడు. నష్టమైతే ఒక సబ్బు. నాతో చేరమన్నప్పుడు అతడు చూచుకోగలిగినది నా ముఖమే. గొలుసు తాకట్టుపెట్టేది నా మాట మీద. ఆ రెండవ దానికి నాలుక వెనుకాడితే అది పిరికితనమని నేను అనను. "ఇందులో ఇంతవరకు నాకు మిగిలినదెంత? నేను పెట్టినదెంత?" అనే రెండు ప్రశ్నలకు అంకెలలో జవాబు చెప్పగలిగినవాని నాలుక అంతగా వెనుకాడదు. నెల్లూరు జిల్లాలో 1992 నాటి సారా వ్యతిరేకోద్యమం తరువాత రోజుకొక రూపాయి పొదుపు చేసే సంఘాలలోకి స్త్రీలు ఒకరినొకరు చేర్చుకున్నారు. పరాయి మగవారి ఎదుట నోరు విప్పని ఆడవారు గడప గడపకూ పోయి అడిగినారు. చేర్చినందుకు వారికి కమీషను లేదు. చేరినామె పొదుపు చేరినామె పేరనే లెక్కలో వుంటుంది. అక్కడ ఆ నాలుక తడబడవలసిన పని లేకపోయింది.

చట్టం కూడ ఈ గీతనే గీయడానికి ప్రయత్నించింది. మనుష్యులను చేర్చడం మీదనే డబ్బు తిరిగే పథకాలను 1978 నాటి చట్టం నిషేధించింది. 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పెద్ద సంస్థ పద్ధతి ఆ చట్టం పరిధిలోకే వస్తుందని అభిప్రాయపడింది. 2021 డిసెంబరులో కేంద్రం ప్రత్యక్ష విక్రయాలకు నియమాలు చేసింది: గొలుసుకట్టు పథకాలు కూడదు, చేరడానికి రుసుము వసూలు చేయరాదు, గుర్తింపు కార్డూ, ముందుగా ఇంటివారి అనుమతీ లేనిదే గడప తొక్కరాదు. ఆ చివరి నియమం చదివినప్పుడు మా బీమా ఏజెంటు గొడుగు నా కండ్లముందు మెదిలింది.

ఉపాధ్యాయులతో ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఈ పట్టికలలో మన పేర్లు తొలి పదింటిలో వుండడానికి కారణం మన సంపద కాదు, మన పరపతి. ఒక ఉపాధ్యాయుడు చేరితే వెనుక రెండువందల కుటుంబాలు వున్నవని వారికి తెలుసు. ప్రభుత్వోద్యోగులు అనుమతి లేనిదే వ్యాపారం చేయరాదని ప్రవర్తన నియమాలు ఎట్లాగూ చెపుతున్నవి. నియమం లేకపోయినా, మన దగ్గర బిడ్డ చదువుతూండగా ఆ తండ్రి మనతో "వద్దు" అనగలడా? అనలేనివానిని అడగడం అడగడమే కాదు. ఇటీవల ఒక యువ ఉపాధ్యాయుడు నాతో వాదించినాడు: "ఫోనులో సందేశం పంపితే ఎవరి ముఖం ఎవరూ చూడనక్కరలేదు కదండీ" అని. ముఖం కనపడకపోతే బిడియం తప్పుతుంది, నిజమే. పంపినది మాస్టారని అవతలివానికి తెలుసును గనుక మొహమాటం ఎక్కడికీ పోదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. 2006 చివరకు ఆ పని మానివేసింది. ఆ రోజుననే మా ఇంటికి వచ్చి, "మీకు అప్పుడే తెలుసు కదా మాస్టారూ?" అని అడిగింది. తెలుసునన్నాను. "మరి చెప్పలేదేం?" అన్నది. కోపంతో అన్నది కాదు; పరీక్ష కాగితంలో తన తప్పు ఎక్కడో చూపమన్నట్లు అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆనాడు వేయవలసిన లెక్క ఆ పూట ఇద్దరం కలిసి కాగితం మీద వేశాము. పదవ వరుస దగ్గర ఆమే కలం కిందపెట్టింది.

తరువాత మంగళగిరి నేత చీరలు తెచ్చి అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే పని. ఎవరినీ కింద చేర్చుకోలేదు. వచ్చినప్పుడు గుమ్మంలోనే, కాలు లోపల పెట్టకముందే, "చీరలు తెచ్చాను అత్తయ్యగారూ, చూస్తారా, పొమ్మంటారా?" అని మా ఇంటావిడను కేకవేస్తుంది. ఆ కేక వేసేటప్పుడు ఇప్పటికీ ఆమె చెవులు కొంచెం ఎర్రబడతవి. మొన్న సంక్రాంతికి ముందు మా ఇంటావిడ పొమ్మన్నది, ఇద్దరూ నవ్వుకున్నారు, కాఫీ తరువాత వచ్చింది.

గొలుసు ఖరీదు పిన్నికి నెలనెలా కొంత చొప్పున తీర్చింది. తీరి చాలకాలమైంది. ఆ నెలలన్నిటా డబ్బు గుమ్మంలోనే ఇచ్చి వచ్చేదట. పిన్ని అక్కడే నిలబడి లెక్కపెట్టుకుని తీసుకునేదట. ఆఖరు నెల డబ్బు ఇచ్చిననాడు కూడ లోపలికి రమ్మనలేదట. అడగాలని తనకూ నోరు రాలేదన్నది.